గోదావరి ఉక్కపోతలో డెస్క్‌టాప్ పీసీ: వేడికి ముందు పోయేది ప్రాసెసర్ కాదు

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. రాజమండ్రిలో ఇంట్లోనే కూర్చుని ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. రావులపాలెం నుంచి మావయ్య ఫోన్.

"ఒరేయ్ అల్లుడూ, మళ్లీ ఆరిపోయిందిరా. ఎనభై శాతం దాకా వచ్చి టప్పున పోయింది. ఇవాళ ఇది మూడోసారి."

మావయ్యకి అక్కడ ఫోటో స్టూడియో ఉంది. మే అంటే పెళ్లిళ్ల సీజన్. షూట్ చేసింది పగలు, ఎడిట్ చేసేది రాత్రి, నిద్రపోయేది ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఆగిపోతున్నది ఒక పెళ్లి వీడియో రెండర్, 4కేలో రెండు గంటల పైన ఉంటుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఆదివారం అమెరికా ఫ్లైట్ ఎక్కాలి. ఆ రోజు గురువారం. బ్యాలెన్స్ డబ్బులు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాకే ఇస్తామన్నారట, అందులో తప్పేం లేదు.

అప్పటికే సిస్టమ్‌ని ఒక సర్వీస్ షాపుకి తీసుకెళ్లారు. వాళ్లు థర్మల్ పేస్ట్ మార్చి, "ప్రాసెసర్ హీట్ ఎక్కిపోతోందండి, లిక్విడ్ కూలర్ వేయించేసుకోండి" అని చెప్పి పంపించారు. ఆ కూలర్ కొనాలా వద్దా అని అడగడానికే అసలు మావయ్య ఫోన్ చేసింది. నేను కొనొద్దన్నాను. శుక్రవారం లీవ్ పెట్టి పొద్దున్నే బండేసుకుని బయల్దేరాను. కడియపులంక నర్సరీల దగ్గర కాస్త చల్లగాలి తగిలింది, జొన్నాడ బ్రిడ్జి ఎక్కేసరికి అదీ పోయింది. గౌతమి మీద కూడా గాలి లేదు.

ఆ రెండు రోజుల్లో ఆ సిస్టమ్‌తో పడ్డ తిప్పలన్నీ ఈ ఆర్టికల్‌లో రాస్తున్నాను. మన దగ్గర చాలా ఇళ్లల్లో, స్టూడియోల్లో, ట్యూషన్ సెంటర్లలో ఉన్న డెస్క్‌టాప్‌లు ఇలాగే ఉంటాయి. మీదీ ఇలాగే ఉంటే లిక్విడ్ కూలర్ కొనే ముందు ఒకసారి చదవండి.

ముందు ఒక చిన్న లెక్క

ఎంత ఖరీదైన కూలర్ పెట్టినా అది ప్రాసెసర్‌ని గదిలోని గాలి కన్నా చల్లగా చేయలేదు. ఎయిర్ కూలర్ అయినా, లిక్విడ్ కూలర్ అయినా చేసే పని ఒకటే, చిప్‌లో పుట్టిన వేడిని గదిలోకి తోసేయడం. లిక్విడ్ కూలర్‌లో మధ్యలో నీళ్లు తిరుగుతాయి, చివర్లో రేడియేటర్ మీద కొట్టేది మళ్లీ ఆ గది గాలే. కాబట్టి గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు మీ ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 75 చూపిస్తే, గది 39 అయినప్పుడు దాదాపు 89 చూపిస్తుంది. గది ఎంత పెరిగితే లోపల కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది.

యూట్యూబ్‌లో చూసే కూలర్ రివ్యూలు ఎక్కువగా ఏసీ గదుల్లో 21, 22 డిగ్రీల దగ్గర చేసినవి. ఆ నంబర్లకి మీరు 15, 16 కలుపుకుని చదవాలి. భారత వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతాలకి వడగాలుల హద్దు 40 డిగ్రీలైతే, తీర ప్రాంతాలకి 37. ఊరికే పెట్టలేదు ఆ తేడా. కాకినాడలోనో అమలాపురంలోనో 37 అంటే ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. కంప్యూటర్ కరెంటు ఎన్ని వాట్లు తాగుతుందో అన్ని వాట్ల వేడినీ గదిలోకి వదులుతుంది. మావయ్య సిస్టమ్‌లో ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నాయి. ప్రాసెసర్ టర్బోలో 117 వాట్ల దాకా, కార్డ్ 170 వాట్ల దాకా తీసుకోగలవు. హార్డ్ డిస్క్‌లు, బోర్డ్ కలిపితే రెండర్ టైమ్‌లో 300 వాట్లు అనుకోండి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే ఆ పది బై పది గదిలో మావయ్య, అసిస్టెంట్ కుర్రాడితో పాటు కంటికి కనపడని ఇంకో ముగ్గురు కూర్చున్నట్టే. తలుపు వేసి రెండర్ పెడితే గంటలో ఆ గది ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరగకుండా ఎలా ఉంటుంది?

ఇది మన ఒక్కళ్ల బాధే కూడా కాదు. 2022 జులై 19న లండన్‌లో టెంపరేచర్ 40 దాటింది. ఆ రోజు అక్కడి గూగుల్, ఒరాకిల్ డేటా సెంటర్లలో కూలింగ్ ఫెయిలై సర్వర్లు ఆపుకోవాల్సి వచ్చింది. సర్వర్ గదుల్లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని అష్రే గైడ్‌లైన్స్ చెబుతాయి. మన డెస్క్‌టాప్‌లు ఆ పై హద్దుకి ఇంకో 12 డిగ్రీలు కలిపిన గాలి పీల్చుకుని బతుకుతున్నాయి. బానే బతుకుతున్నాయి కూడా. కాకపోతే లోపల ఏ పార్ట్ ఎంత ఓర్చుకుంటుందో తెలుసుకోవాలి.

కూలర్ ఎదురుగా క్యాబినెట్

స్టూడియో మొదటి అంతస్తులో, శ్లాబ్ కింద ఉంది. ఎడిటింగ్ గదిలోకి అడుగుపెట్టగానే కనిపించిన సీన్ ఇది. క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసేసి ఉంది. దానికి రెండడుగుల దూరంలో పెద్ద ఎయిర్ కూలర్, ఫుల్ స్పీడ్‌లో, నేరుగా మదర్‌బోర్డ్ మీదకి.

"ఇలా పెట్టాక ఫర్వాలేదండి, గంట ఎక్కువ ఆగుతోంది" అన్నాడు కుర్రాడు.

ఆగుతుంది, నిజమే. కానీ కూలర్ పని చేసేది నీటిని ఆవిరి చేసి. గాలి పొడిగా ఉంటేనే ఆవిరి ఎక్కువ అవుతుంది, గాలి చల్లబడుతుంది. 38 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 30 శాతం ఉంటే, నీటిని ఆవిరి చేసి ఆ గాలిని సిద్ధాంతం ప్రకారం 24 డిగ్రీల దాకా దించొచ్చు. అదే తేమ 50 శాతం ఉంటే 29 దగ్గరే ఆగిపోతుంది. నిజం కూలర్లు అంత కూడా దించలేవు. హైదరాబాద్‌లో మా రూమ్మేట్ కొన్న కూలర్ ఏప్రిల్‌లో ఏసీలా పనిచేసేది. అదే కూలర్ ఇక్కడికి తెస్తే తడిగాలి కొట్టే ఫ్యాన్ అవుతుంది. పైగా కిటికీలు మూసిన గదిలో పెడితే అరగంటకి గదిలో తేమంతా పెరిగిపోయి చల్లదనం అసలుండదు, ఉక్క మాత్రం మిగులుతుంది.

మనకి ఉక్కపోత సంగతి సరే, పీసీ సంగతి వేరు. చెమట పట్టే ఒళ్లు కాదు కాబట్టి తేమ వల్ల ప్రాసెసర్ టెంపరేచర్ పెద్దగా మారదు. ప్రమాదం ఇంకో రకం. ఆ కూలర్‌లో పోసేది బోరు నీళ్లు. కింద ప్యాడ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. స్పీడ్ పెంచితే సన్నటి తుంపర కూడా వస్తుంది. రెండు సీజన్లు ఆ గాలి తిన్న క్యాబినెట్‌లో స్క్రూలు తుప్పు పట్టాయి, వెనక పోర్టుల మీద మచ్చలొచ్చాయి. గ్రాఫిక్స్ కార్డ్ బ్రాకెట్ స్క్రూ తీయడానికి పావుగంట పట్టింది నాకు. అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్లకి కూలర్ లేకపోయినా ఈ తుప్పు బాధ తెలిసే ఉంటుంది.

కూలర్ వాడొద్దని కాదు. కిటికీలో పెట్టి, ఎదురు కిటికీ తెరిచి, గాలి మనిషికి తగిలేలా వాడుకోండి. క్యాబినెట్ వైపు తిప్పొద్దు. అంతే.

ఇంక సైడ్ ప్యానెల్ తీసేయడం సంగతి. లోపల గాలి తిరగని చౌక క్యాబినెట్ అయితే ప్యానెల్ తీస్తే నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది, కాదనను. కానీ అప్పుడు ముందు నుంచి వెనక్కి వెళ్లాల్సిన గాలి దారి తప్పుతుంది, ముందు వైపున్న హార్డ్ డిస్క్‌ల మీదుగా వెళ్లదు. దుమ్ము డబుల్ అవుతుంది. బల్లులు ఫ్రీగా తిరుగుతాయి. నవ్వకండి, గ్రాఫిక్స్ కార్డ్ వెనకాల ఎండిపోయిన బల్లి పిల్ల ఒకటి దొరికింది.

అసలు ఆరిపోయింది ఏది?

ఇక్కడే షాపువాళ్ల డయాగ్నసిస్ తప్పింది. ప్రాసెసర్ హీట్ ఎక్కుతున్న మాట నిజమే. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఫ్రీ టూల్ వేసి, లాగింగ్ ఆన్ చేసి, రెండర్ మొదలుపెట్టాను. గది థర్మామీటర్ 38 చూపిస్తోంది. పది నిమిషాల్లో ప్రాసెసర్ 100 డిగ్రీలకి వెళ్లి కూర్చుంది. ఈ ప్రాసెసర్‌కి గరిష్ఠ హద్దు 100. అక్కడికి రాగానే అది స్పీడ్ తనంతట తనే తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాట్లింగ్ అంటారు. స్పీడ్ తగ్గింది, రెండర్ నెమ్మదించింది, కానీ సిస్టమ్ ఆగలేదు. నలభై నిమిషాలు అలాగే 98కీ 100కీ మధ్య నడిచింది. తర్వాత టప్పున ఆరిపోయింది.

పవర్ బటన్ నొక్కితే రాలేదు. పది నిమిషాలు ఆగి నొక్కితే వచ్చింది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అన్న ఎర్రర్ ఒక్కటే ఉంది. దానర్థం కరెంటు ఉన్నట్టుండి పోయింది అని, ఎందుకు పోయిందో అది చెప్పదు. లాగ్‌లో ఆరిపోయే ముందు చివరి లైన్ కూడా మిగతా నలభై నిమిషాల లాగే ఉంది. ప్రాసెసర్ వేడి వల్లే ఆరిపోతే ఇంతసేపు ఆగేదీ కాదు, మళ్లీ ఆన్ అవడానికి ఇంతసేపు పట్టేదీ కాదు.

క్యాబినెట్ వెనక ఎస్ఎమ్‌పిఎస్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. రేకు కాలిపోతోంది. గాలి మాత్రం రావడం లేదు.

ఈ క్యాబినెట్‌లో ఎస్ఎమ్‌పిఎస్ కింద ఉంటుంది, దాని ఫ్యాన్ నేల వైపు చూస్తూ కింద నుంచి గాలి లాగుతుంది. మావాళ్లు క్యాబినెట్‌కి గీతలు పడకుండా మడతపెట్టిన పాత జంపఖానా మీద పెట్టారు. దాని మీద ఎస్ఎమ్‌పిఎస్ మూతి మూసుకుపోయింది. క్యాబినెట్ ఎత్తి తిరగేసి చూస్తే ఫిల్టర్ మీద దుమ్ము ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొర, గోరుతో పట్టుకుంటే షీటులా లేచి వచ్చింది. గాలి ఆడక, వేడెక్కి, తన ప్రొటెక్షన్ కోసం తనే కట్ చేసుకుంటోంది. దానికి లిక్విడ్ కూలర్ ఏం చేస్తుంది?

ఈ ఆర్టికల్‌లో నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నది ఇదే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ ఈ రెండింటికీ తమని తాము కాపాడుకునే తెలివి ఉంది. వేడెక్కితే స్పీడ్ తగ్గించుకుంటాయి. ఏఎమ్‌డీ అయితే రైజెన్ 7000 సిరీస్‌లో ఫుల్ లోడ్‌లో 95 డిగ్రీలకి వెళ్లడం డిజైన్ ప్రకారమే అని చెప్పింది. మనం మాత్రం స్క్రీన్ మీద ఆ రెండు నంబర్లే చూస్తూ కంగారుపడతాం. ఆ తెలివి లేనివి వేరే ఉన్నాయి. ఎస్ఎమ్‌పిఎస్, హార్డ్ డిస్క్‌లు, యూపీఎస్ బ్యాటరీ. ఇవి స్పీడ్ తగ్గించుకోలేవు. అరిగిపోతాయి, ఒకరోజు పోతాయి.

ఎస్ఎమ్‌పిఎస్‌లోనూ మదర్‌బోర్డ్ మీదా ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు తగ్గితే సుమారు రెట్టింపవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. పెరిగితే సగం అవుతుంది. పైగా చౌక ఎస్ఎమ్‌పిఎస్‌ల మీద రాసే 450 వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గరో రాయరు. 80 ప్లస్ టెస్టు కూడా 23 డిగ్రీల చుట్టుపక్కల చేసేదే. కొనేటప్పుడు స్పెక్ షీట్‌లో ఫుల్ వాట్స్ ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో వెతకండి. 40 అని రాసినవీ ఉంటాయి, 50 అని రాసినవీ ఉంటాయి. మన ఊళ్లకి 50 రాసినదే కొనండి, వంద రెండొందలు ఎక్కువైనా.

57 డిగ్రీల పెళ్లిళ్లు

ఎస్ఎమ్‌పిఎస్ దొరికిందన్న సంతోషం ఎక్కువసేపు లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో ఓపెన్ చేస్తే రెండు హార్డ్ డిస్క్‌లు ఉన్నాయి, ఒకటి 54, ఇంకోటి 57 డిగ్రీలు. మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌లకి కంపెనీలు ఇచ్చే హద్దు 60.

"మావయ్యా, వీటిలో ఏముంది?"

"ఈ సీజన్ పెళ్లిళ్లన్నీ. ఐదు."

"బ్యాకప్?"

మావయ్య ఏం మాట్లాడలేదు. కెమెరా కార్డులు ఫార్మాట్ చేసి మళ్లీ మళ్లీ వాడేస్తారు. అంటే ఐదు కుటుంబాల పెళ్లిళ్లు ఆ 57 డిగ్రీల డిస్క్ మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు. రెండర్ సగంలో ఆరిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా.

వేడికీ డిస్క్ పోవడానికీ సంబంధం అందరూ అనుకునేంత సూటిగా లేదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకి పైగా డిస్క్‌ల రికార్డులు చూసి ఒక పేపర్ రాశారు. మామూలు టెంపరేచర్లలో వేడి పెరిగితే ఫెయిల్యూర్లు పెరగడం వాళ్లకి కనపడలేదు. బాగా ఎక్కువ వేడిలోనే, అదీ మూడేళ్ల పైబడిన డిస్క్‌లలోనే తేడా కనిపించింది. కాబట్టి 42, 43 చూసి కంగారుపడక్కర్లేదు. కానీ మావయ్య డిస్క్‌లు రెండూ నాలుగేళ్లవి, పైగా ఉన్నట్టుండి కరెంటు కోసేస్తున్న ఎస్ఎమ్‌పిఎస్ మీద నడుస్తున్నాయి. రాస్తుండగా కరెంటు పోవడం వేడి కన్నా ప్రమాదం.

ఎందుకంత వేడెక్కాయి అంటే, ముందు భాగం మొత్తం గాజు. పక్కన సన్నటి సందు. ఆ ఆర్‌జీబీ ఫ్యాన్లు మూడూ లైట్లు వెలిగించడానికే ఉన్నాయి, గాలి లాగడానికి దారి లేదు. రెండు డిస్క్‌లు ఒకదానిమీద ఒకటి, మధ్యలో వేలు పట్టదు. నా వ్యక్తిగత అభిప్రాయం అడిగితే, మన వాతావరణంలో ముందు గాజు ఉన్న క్యాబినెట్ అమ్మడమే తప్పు. కొత్తగా కొనేవాళ్లు ముందు భాగం జల్లెడలా ఉన్న మెష్ క్యాబినెట్ తీసుకోండి, లైట్లు తర్వాత.

ఆ సాయంత్రం చేసిన పని

మొదటి పని, కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్ తెప్పించి బ్యాకప్ పెట్టాం. అది అయ్యేదాకా రెండర్ ముట్టుకోలేదు. క్యాబినెట్‌ని రెండు చెక్క ముక్కల మీద ఎత్తి పెట్టి, కూలర్ ఆపేసి, సీలింగ్ ఫ్యాన్ కింద రాత్రి పది దాకా కాపీ నడిచింది. మావయ్య అన్నం కూడా దాని ముందే తిన్నాడు.

కాపీ అయ్యాక సిస్టమ్ ఆపి, వైర్లు పీకి, డాబా మీదకి తీసుకెళ్లి బ్లోయర్‌తో దులిపాం. ఇక్కడ రెండు జాగ్రత్తలు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ఎస్ఎమ్‌పిఎస్‌ని బయట నుంచే దులపండి, మూత విప్పొద్దు. వైరు పీకేసినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ మిగిలి ఉంటుంది. మన వైపు రైస్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లకి ఊక దుమ్ము, కొత్త ఇళ్లు కట్టే చోట సిమెంటు దుమ్ము. ఇలాంటి చోట ఏడాదికి ఒకసారి కాదు, మార్చిలో ఒకసారి, మే మొదట్లో ఒకసారి దులపాలి. ఉక్కకి దుమ్ము తడిసి హీట్‌సింక్ రేకుల మధ్య అట్ట కడుతుంది, అప్పుడు బ్లోయర్‌తో పోదు, బ్రష్ కావాలి.

గాజు ప్యానెల్ తీసి పక్కన పెట్టేశాం. దాని బదులు ఇంట్లో ఉన్న దోమల మెష్ ముక్క కత్తిరించి అంటించాం. చూడ్డానికి బాగోదు. వెనక గాలి బయటికి నెట్టే ఫ్యాన్ ఒకటి, ముందు లోపలికి లాగే ఫ్యాన్లు రెండు. మూడో ఫ్యాన్‌ని డిస్క్‌ల ఎదురుగా కిందకి మార్చాం. డిస్క్‌లని ఒక స్లాట్ వదిలి దూరం చేశాం.

ఇంక డబ్బు ఖర్చు లేని పని, నాకు బాగా నచ్చిన పని. పవర్ తగ్గించడం. మదర్‌బోర్డ్ బయోస్‌లో ప్రాసెసర్ పవర్ లిమిట్ 65 వాట్లకి కట్టేశాను. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో గ్రాఫిక్స్ కార్డ్ పవర్ లిమిట్ 75 శాతానికి లాగాను, అంటే 170 నుంచి 127 వాట్ల దాకా. చిప్‌లు చివరి పది శాతం స్పీడ్ కోసం పవర్ విపరీతంగా తాగుతాయి. ఆ చివరి ముక్క కోసేస్తే పని కొంచెమే తగ్గుతుంది, వేడి మాత్రం చాలా తగ్గుతుంది. ఏఎమ్‌డీ వాళ్లకి ఇదే పని ఈకో మోడ్ చేసిపెడుతుంది. బయోస్ అంటే భయం ఉన్నవాళ్లు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉన్నచోట 99 పెట్టి చూడండి. చాలా సిస్టమ్స్‌లో టర్బో ఆగిపోతుంది. కాస్త మోటు పద్ధతే, స్పీడ్ కూడా ఎక్కువే తగ్గుతుంది, కానీ ఎండాకాలం రెండు నెలలు గడిచిపోతాయి.

పాత ఎస్ఎమ్‌పిఎస్ ఫ్యాన్ దులిపాక తిరిగింది కానీ కరకరమని సౌండ్. దాన్ని నమ్మబుద్ధి కాలేదు. శనివారం షాపులు తెరవగానే 650 వాట్ల బ్రాంజ్ ఒకటి తెచ్చి మార్చేశాం.

శనివారం మధ్యాహ్నం మళ్లీ అదే గది, 39 డిగ్రీలు, అదే ప్రాజెక్ట్. ప్రాసెసర్ 81 దగ్గర నిలబడింది. స్టాక్ కూలరే, కొత్తది ఏమీ కొనలేదు. గ్రాఫిక్స్ కార్డ్ 71. డిస్క్‌లు 45, 46. పవర్ తగ్గించినందుకు రెండర్ ఎంత ఆలస్యం అవుతుందో అని చూస్తే, థ్రాట్లింగ్ లేకపోవడంతో శుక్రవారం ఆరిపోయేలోపు నడిచిన వేగం కన్నా కొంచెం ఎక్కువే వచ్చింది. గంటా యాభై నిమిషాలకి పూర్తయింది. చివరి ఐదు శాతం దగ్గర ముగ్గురం కుర్చీల్లోంచి లేచి నుంచున్నాం.

గది సంగతి

సిస్టమ్ సరి చేసినా గది అలాగే ఉంది. శ్లాబ్ పగలంతా ఎండ తాగి రాత్రంతా కింద గదిలోకి వదులుతుంది. రాత్రి పదకొండుకి బయట హాయిగా ఉన్నా గదిలో 34. అందుకే రాత్రి రెండర్ పెట్టే అలవాటున్నవాళ్లు పదింటికి కాదు, మూడు నాలుగు గంటలకి మొదలయ్యేలా పెట్టుకుంటే మంచిది. ప్రీమియర్‌లో ఎడిట్లన్నీ మీడియా ఎన్‌కోడర్ క్యూలో వేసి పడుకుని, తెల్లవారుజామున లేచి స్టార్ట్ నొక్కడమే మావయ్య ఇప్పుడు చేస్తున్నది.

డాబా మీద తెల్ల సున్నం వేయడం మన పెద్దవాళ్ల పనే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని పెట్టింది కూడా ఇలాంటి దానికే, తెల్లటి పైకప్పు ఎండని తిప్పికొడుతుంది. కోనసీమలో అయితే కొబ్బరాకులకి కొదవేముంది, డాబా మీద పందిరి వేస్తే శ్లాబ్‌కి ఎండే తగలదు. వట్టివేళ్ల తడకలు తడిపి కట్టడం మనిషికి హాయే, కానీ పీసీ ఉన్న గదిలో కూలర్‌కి చెప్పిన మాటే దీనికీ.

ఏసీ ఉంటే ఇవన్నీ అక్కర్లేదు కదా అంటారు. నిజమే. ఒక టన్ను ఏసీ సుమారు 3500 వాట్ల వేడి బయటికి తోయగలదు, 300 వాట్ల పీసీ దానికి పన్నెండో వంతు బరువు. 27లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేసుకున్నా పీసీకి అదే స్వర్గం. పైగా ఏసీ తేమని కూడా లాగేస్తుంది. ఒక్కటి చూసుకోండి. ఏసీలో చల్లబడి ఆఫ్‌లో ఉన్న సిస్టమ్‌ని బయట ఉక్కలోకి తెచ్చి వెంటనే ఆన్ చేయొద్దు. 38 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గాలి 26 కన్నా చల్లటి రేకు తగిలితే నీళ్లవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు. ఒక గంట అలా వదిలేసి తర్వాత ఆన్ చేయండి.

కంప్యూటర్ టేబుల్ కింద క్యాబినెట్ కోసం చెక్క గూడు ఉంటుంది చూడండి, మూడు వైపులా మూసి. అందులోంచి బయటికి తీసేయండి. వెనక గోడకి కనీసం జానెడు దూరం. వేడిగాలి వెనక గోడకి తగిలి మళ్లీ ముందుకొచ్చి లోపలికే పోతుంది.

కరెంటు పోయినప్పుడు

మే నెలాఖరు సాయంత్రాలు మన దగ్గర ఎలా ఉంటాయో తెలిసిందే. రోజంతా కాల్చి, ఆరింటికి ఈదురుగాలి. కొబ్బరి మట్ట ఎక్కడో తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్, యూపీఎస్ మీద పీసీ.

యూపీఎస్‌లో ఉండే సీల్డ్ లెడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కేసింది. ప్రతి 10 డిగ్రీలకీ సగం అవుతుంది. నాలుగేళ్లు వస్తుందని చెప్పిన బ్యాటరీ మన గదుల్లో రెండేళ్లకే పోతే, అది డూప్లికేట్ అనుకుని షాపువాడిని తిట్టుకుంటాం. సగం తప్పు గదిది. యూపీఎస్‌ని క్యాబినెట్ వెనక, వేడిగాలి వచ్చే చోట పెట్టకండి. ఎండాకాలం మొదట్లో ఒకసారి, సేవ్ చేసుకుని, ప్లగ్ పీకి చూడండి. పది నిమిషాలు రావాల్సింది రెండు నిమిషాలకి వస్తే ఆ బ్యాటరీ మీద రెండర్ పెట్టొద్దు. మావయ్య దగ్గర పీకి చూస్తే నలభై సెకన్లు వచ్చింది.

శనివారం రాత్రి ఏడింటికి పెళ్లికొడుకు నాన్నగారు స్వయంగా వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లారు, బ్యాలెన్స్ ఇచ్చేసి. ఆ డబ్బుల్లోంచే యూపీఎస్ బ్యాటరీ, ఇంకో బ్యాకప్ డిస్క్ ఆర్డర్ పెట్టించాను. జంపఖానా ఇప్పుడు మావయ్య మధ్యాహ్నం కునుకు తీయడానికి వాడుతున్నాడు. మిగిలిన నాలుగు పెళ్లిళ్లు క్యూలో ఉన్నాయి, రోహిణి కార్తె ఇంకా మొదలే కాలేదు.